మైలుతుత్తం

రాజారత్నం ఇంటర్ తప్పి, బాపట్లలో నీళ్ళు పరీక్షించే ఓ ల్యాబులో అటెండరుగా చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. రోజూ తెనాలి నుంచి రైల్లో వస్తాడు. నీళ్ళూ ద్రావకమూ పోసిన మూతగరాటు ఊపడంలో ఆయన్ని మించినవాడు లేడని సార్లందరూ ఒప్పుకునేవారు. ఒప్పుకోక చేసేదేముంది? భుజాలు పడిపోయేది ఆయనవే కదా!

ఫినాల్ అనే విషపదార్థం ఉందేమో చూడమని నీళ్ళ సీసా వచ్చిందంటే ఆయన చెయ్యి దానంతటదే మైలుతుత్తం డబ్బా మీదికి పోయేది. నీళ్ళలోని సూక్ష్మజీవులు ఫినాల్‌ని తినెయ్యకుండా చిటికెడు వెయ్యమని మొదట్లో ఒక సారు నేర్పాడు. నేర్పింది నేర్పినట్టే చేస్తూ వచ్చాడు.

ఈ ఏడు స్టెల్లా మేడం కొత్త పద్ధతి తెచ్చారు. రాగి ఉన్న మందు కలిపితే నీళ్ళలోని ఫినాల్ దాన్ని పట్టుకుంటుంది. ద్రావకం పోసి ఊపితే రెండూ కలిసి అందులోకి వచ్చేస్తాయి. యంత్రం మంటలో కొలిచేది రాగినే, దాన్నిబట్టి ఫినాల్ ఎంతో లెక్క కడతారు. మైలుతుత్తం కూడా రాగేనని రాజారత్నానికి ఎవరూ చెప్పలేదు. అలవాటు ఊరుకుంటుందా?

ఆ పద్ధతిలో మొదటి సీసా రేపల్లె దగ్గరి పల్లె నుంచి కనకదుర్గ తెచ్చింది. ఆమె పెరట్లో చేతిపంపు, పక్కనే జీడిపిక్కల తొక్కల గుట్ట. పురిటికొచ్చిన కూతురు భవ్యకి ఏడో నెలలోనే కాన్పయి, బిడ్డ దక్కలేదు. తొక్కల రసం దిగిన నీళ్ళ వల్లేనేమోనని ఆ తల్లి అనుమానం. ఫినాల్ మితిమీరి ఉందని కాగితం వచ్చింది. ఆరోజే ఆమె పంపుకి గొలుసు కట్టేసింది.

మూడు వారాలకి మేడం ఏమీ కలవని డిస్టిల్డ్ వాటర్ పరీక్షకి పెడితే అందులోనూ ఫినాల్ తేలింది. సీసాలో ఏం వేశావని అడిగితే రాజారత్నం డబ్బా చూపించాడు. అందులోని రాగిని కూడా యంత్రం ఫినాల్ కింద లెక్క కట్టిందని అప్పుడు తెలిసిందాయనకి. మర్నాడే పల్లెకెళ్ళి, ఎందుకో చెప్పకుండా మళ్ళీ నీళ్ళు పట్టుకొచ్చాడు. ఈసారి ఏమీ వెయ్యలేదు. ఫినాల్ లేదు.

ఫోన్లో చెబుదామన్నారు మేడం. ఆయన ఒప్పుకోలేదు. కొత్త కాగితం జేబులో పెట్టుకుని రేపల్లె బండెక్కాడు.

"మీ నీళ్ళు మంచివేనమ్మా. వెయ్యకూడనిది నేను వేశాను. తప్పు నాది," అన్నాడు చేతులు జోడించి.

కనకదుర్గ కోప్పడలేదు. పంపుకి కట్టిన గొలుసు మీద చెయ్యి వేసింది.

"భవ్యకి ఆ నీళ్ళు నా చేత్తో నేనే ఇచ్చానండి. కాచి, చల్లార్చి మరీ ఇచ్చాను." గొంతు తగ్గించి అడిగింది. "మరయితే... నా తప్పు లేదాండి?"

"లేదమ్మా," అన్నాడు రాజారత్నం. ఆమె ఇంకా తనవైపే చూస్తూ ఉంటే మళ్ళీ అన్నాడు.

ఆమె పంపు గట్టు మీద కూలబడి బావురుమంది. ఊరుకోమ్మా అంటూ ఆయన ముందుకి వంగాడు. లోపల్నుంచి భవ్య వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"ఏడవనివ్వండి బాబాయ్‌గారూ," అంది మెల్లగా. "బిడ్డ పోయాక అమ్మ ఏడవడం ఇదే మొదలు."