జల్సా అంటే మా ఇంట్లో తిట్టు

మా చిన్నప్పుడు... నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని చీర నేస్తూ, ఆ చప్పుడు మధ్యలోనే మా చిన్నాయనను తిట్టేవాడు.

“మగ్గం ఇడిసిపెట్టి పాలమూరుల జల్సలు చేస్తుండు!”

కోస్గిలోని మా ఇంట్లో జల్సా అంటే అంత చెడ్డ మాట. తాగుడు, పేకాట, హోటల్లో తిండి... నాయిన దృష్టిలో మూడూ ఒకటే. చిన్నాయన తాగడు, పేక ముట్టడు. ఆయన చేసిన నేరమల్లా ఉద్యోగం దొరికాక ఆదివారాలు భార్యాబిడ్డలను హోటల్‌కు తీసుకుపోవడమే.

చిన్నాయన కూతురు సంధ్యది నా ఈడే. మా ఇంటికి వచ్చినప్పుడు నేను నూలు కండెలు చుడుతుంటే పక్కన కూర్చొని, పోయిన ఆదివారం ఏం తిన్నదో చెప్పేది. బిర్యానీ మెతుకు మెతుకు ఎట్లా విడిగా ఉంటుందో, ముక్క ఎట్లా ఎముక నుంచి జారిపోతుందో...

“మాకు గవన్ని నచ్చయ్” అనేదాన్ని నేను.

తర్వాత జొన్నరొట్టె ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. కుళ్లు... దానికి అంతకంటే మంచి పేరు లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, పాలమూరులోనే, అంటే మహబూబ్‌నగర్ దవాఖానలో, నాయినను కన్న మా అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. నాయిన చీర సగంలో ఉంది, వదిలి రాలేడు. దసరా సెలవులే కదా అని అవ్వకు తోడుగా నన్ను పంపించారు.

నాలుగో రోజు ఆదివారం. కంటికి కట్టుతో అవ్వ నిద్రపోతోంది. పక్కన చిన్నాయన కూర్చున్నాడు.

“నాలుగు రోజుల సంది పిల్లలు గీ దవాఖాన వాసనల్నే ఉన్నరు. జర బయట తినిపిచ్చుకొస్త” అని ఆయనతో చెప్పి, చిన్నమ్మ మా ఇద్దరినీ హోటల్‌కు తీసుకుపోయింది.

లోపల చల్లగా ఉంది. సంధ్య మెనూ కార్డు కూడా చూడకుండా తనకు కావలసినవి గడగడా చెప్పేసింది. సర్వర్ నా వైపు తిరిగాడు. నేను కార్డును అటూ ఇటూ తిప్పాను.

“ఆమెకు గూడ గవే తేండ్రి” అంది సంధ్య.

మంచికే అంది. నాకు మాత్రం ఆమెను గిచ్చాలనిపించింది.

ఆ రోజు నేను తిన్నంత ఎవరూ తినలేదు. రెండోసారి పెట్టించుకున్నాను, ఎముకలు కూడా వదల్లేదు. సంధ్య సగం కోడికాలు ప్లేటులోనే వదిలేసి చేయి కడుక్కోవడానికి లేచింది. నా కడుపు నిండే ఉంది... అయినా ఆ కాలు వైపు చూస్తుంటే మంట. ఇంత వదిలేసేంత ఉందా దీనికి!

సెలవులు అయిపోయి నేను ముందుగా ఇంటికి వచ్చాను. “అవ్వను మంచిగ చూస్తుండ్రా?” అని అడిగాడు నాయిన.

“అవ్వ దవాఖానల ఉంటే వాళ్లు హోటల్ల జల్స చేసిండ్రు నాయినా.”

“మరి నువ్వు?”

“నేను అవ్వ తాన్నే ఉన్న.”

తడుముకోకుండా చెప్పాను.

తర్వాతి వారం చిన్నాయన వాళ్లు అవ్వను తీసుకొని వచ్చారు. వాకిట్లోనే నాయిన అందుకున్నాడు. “కన్నతల్లి మంచంల ఉంటే జల్సలు గావాల్నా మీకు!”

సంధ్య నా వైపు తిరిగింది. “గదేంది, నువ్వు గూడ...”

చిన్నమ్మ ఆమె భుజం పట్టి వెనక్కి లాగింది. “నువ్ ఊకో.” తర్వాత ఒక్కసారి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేను లోపలికి పారిపోయాను.

మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయారు. అయిదేళ్లు... అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. అవ్వ ఒక్కతే బస్సెక్కి రెండిళ్లకూ తిరిగేది. నేను మాత్రం నోరు తెరవలేదు.

నాకు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ సీటు వచ్చిందని తెలిసి చిన్నాయనే మా ఇంటికి వచ్చాడు. “అన్నా, నా ఇల్లుండంగ పిల్లకు హాస్టల్ ఎందుకే?” అన్నాడు. నాయిన నేల చూపులు చూస్తూ తలూపాడు.

నెల తిరగకుండానే నాయిన నన్ను చూడటానికి వచ్చాడు. చిన్నమ్మ కోడికూర వండి అన్నదమ్ములిద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. ఆమె వడ్డిస్తుంటే ఇక నా వల్ల కాలేదు.

“నాయినా... ఆ రోజు హోటల్ల నేను గూడ తిన్న. అందరికన్న ఎక్కువ తిన్న.”

నాయిన చేయి కంచంలోనే ఆగిపోయింది. తమ్ముడి వైపు చూశాడు. “మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?”

చిన్నమ్మే అంది. “చెప్తే దాన్ని కొడ్తవ్ బావా. చిన్నపిల్ల, తిన్నది. గంతే గదా.”

“గీ మాటకు అయిదేండ్లు నా తమ్మునితోని మాట్లాడకపోతి...” అని నాయిన మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తగిలించినా బాగుండేది.

ఆ తర్వాత సంధ్య నాతో మామూలుగానే ఉంది. నా కుళ్లు మాత్రం పోలేదు, దారి మార్చుకుంది అంతే. హోటల్ తిండి మీద కాదు... ఆమె అట్లాంటి అమ్మ కడుపున పుట్టినందుకు.

ఇప్పుడు నేనూ మహబూబ్‌నగర్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. ఆదివారం వస్తే నాయినే ఫోన్ చేసి నవ్వుతూ అడుగుతాడు. “బిడ్డా, ఇయ్యాల ఏం జల్స?” కోస్గి నుంచి ఎప్పుడైనా వస్తే తమ్ముడితో కలిసి బిర్యానీ తిని పోతాడు. సంధ్య తిన్న ప్లేటల్లా ఫొటో తీసి, కింద జల్సా అని రాసి పెడుతుంది. అందరూ లైక్ కొడతారు. నేనూ కొడతాను... కాస్త ఆలస్యంగా.

ఆ తిట్టు పలకరింపు కావడానికి ఎన్నాళ్లో పట్టలేదు. అన్నదమ్ములు కలిసి తినకుండా పోయిన ఆ అయిదేళ్ల భోజనాలు మాత్రం మళ్లీ రావు...

మీ ఇంట్లోనూ ఒకప్పుడు తిట్టుగా ఉండి ఇప్పుడు ముద్దుగా మారిన మాట ఏదైనా ఉందా? దాని వెనక మీరు దాచుకున్నది ఉంటే అది కూడా రాయండి... నేను రాశాను కదా.