తిమ్మప్ప తలకంటే ఎత్తున

వనపర్తిలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లు పనిచేశాను. మండలాల నుంచి వచ్చే వార్తల్లో బావి గట్టున తెల్లచీర, శ్మశానంలో దీపం లాంటివి ఉంటే పక్కన పడేసేవాణ్ని. చూసిందెవరని అడిగితే ప్రతిసారీ ఎవరో చెప్పారనే జవాబు. దయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఎవరో చెప్పింది కాదు, నాకే జరిగింది. అదీ పట్టపగలు.

మా అక్కను గద్వాల దగ్గరి ఒక ఊరికి ఇచ్చారు. మా వాళ్లు వద్దన్నారు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. బావ వెంకట్రాములుకు ఇంటి ముందుగదిలోనే పిండి గిర్ని ఉంది.

ఆ ఊళ్లో ఎంత కలిగినవాళ్లైనా ఇంటిమీద ఇల్లు కట్టరు. ఊరి దేవుడు తిమ్మప్ప స్వామి నడిచి నడిచి అలసిపోయి అక్కడ ఒక బండమీద తల వాల్చాడట. తన తలకంటే ఎత్తున ఎవరూ పడుకోవద్దని ఊరివాళ్లను అడిగాడట. గుడి కూడా పొట్టిదే, తల వంచి లోపలికి పోవాలి. వెనకటికి ఒక పెద్ద రైతు మిద్దెమీద గది కట్టుకుని పడుకుంటే, తెల్లారి పశువుల కొట్టంలో ఎద్దుల మధ్య మెలకువ వచ్చిందని చెబుతారు. స్వామి కోపం చేయడు, శిక్షించడు. ఊరికే కిందికి దింపి పెడతాడు. ఈ కథను అందరూ నవ్వుతూనే చెబుతారు. మేడ మాత్రం కట్టరు.

బావ కట్టాడు. కూతురు అనిత కోసం. టీచరు పరీక్ష ఆమెకు కిందటిసారి కొద్దిలో తప్పింది. మళ్లీ నోటిఫికేషన్ పడింది. ఇంట్లో చూస్తే గిర్ని మోత, జొన్నలు తెచ్చినవాళ్ల ముచ్చట్లు. పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని చదివేది. చూడలేక బావ మిద్దెమీద ఒక గది లేపాడు. ఊరి పెద్దలు వచ్చారు. తిట్టలేదు గానీ కూలగొట్టమన్నారు. పరీక్ష దాకా ఆగమని బావ బతిమాలాడు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం ఆ గదిలో నేనే పడుకుంటానని, నన్నెవరూ దింపకపోతే గదిని ఉండనివ్వాలని అన్నాను. దిగి కనిపిస్తే మర్నాడే కూలగొట్టాలన్నారు పెద్దలు. సరేనన్నాను. అక్క భయపడింది. దేవుడు దింపుతాడే గానీ పడేయడు కదా అని బావ ఆమెకు ధైర్యం చెప్పాడు.

తిని పైకి పోయాను. గదికి ఒకటే తలుపు, లోపల గడియ పెట్టాను. కిటికీకి ఇనుప చువ్వలున్నాయి. చెప్పులు మంచం కింద విడిచాను. కళ్లద్దాలు, ఫోను కిటికీలో పెట్టాను. నేను ఎక్కాక అక్క బయటి మెట్లనిండా మిరపకాయలు ఎండబోసింది. కరెంటు పోయి గిర్ని ఆగింది. హాయిగా నిద్ర పట్టింది.

"సారూ, జర లెవ్వు. నా జొన్నల సంచి మీద పండుకున్నవ్."

కళ్లు తెరిస్తే గిర్నిలో ఉన్నాను. కరెంటు కోసం గడపలో కాచుకుని కూర్చున్న ఈరమ్మ అనే ముసలామె నన్ను తట్టి లేపుతోంది. నేను ఎటు నుంచి వచ్చానని ఆమెనే అడిగాను.

"నాకేం తెల్వదు. గురకినొచ్చి ఎన్కకు మల్లి చూస్తె నువ్వున్నవ్."

నా వీపంతా పిండి. వెళ్లి చూస్తే మెట్లమీద ఒక్క మిరపకాయ కూడా నలగలేదు. మిద్దెమీది నుంచి దూకే వయసు కాదు నాది. బావ కాయల్ని పక్కకు నెట్టుకుంటూ పైకెక్కి చూస్తే, తలుపు లోపలి గడియ వేసినట్టే ఉంది. కిటికీలోంచి పొడుగు కర్ర పెట్టి చాలాసేపు తంటాలు పడి తీశాడు. చెప్పులు, అద్దాలు, ఫోను పెట్టినచోటే ఉన్నాయి. దిండు మీద నా తల ఆనిన గుంట కూడా ఉంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పెద్దలు నవ్వాపుకుంటూ వచ్చారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సాయం చేయబోయి పిల్ల గదిని పోగొట్టానని బాధ. అనిత మాత్రం వాళ్లలో పెద్దవాడైన ముసలాయన ముందుకు వచ్చి నిలబడింది.

"తాతా, స్వామి పండుకోవద్దన్నడు. సదువుకోవద్దని యాడనన్న అన్నడా?"

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "గట్లయితె అనలే."

"నేను మీద కూసుంట. నిద్రొస్తె కిందికొస్త. నాయినా, మంచం తీసెయ్."

"పో బిడ్డా, కూసోని సదువు. కునికిపాట్లు పడ్డవో, మీ మామ లెక్క ఈరమ్మ సంచి మీద తేల్తవ్" అన్నాడు ముసలాయన.

మంచం ఆ పూటే కిందికి దిగింది. అనిత ఆ గదిలో కుర్చీలో కూర్చునే చదివింది. తల పుస్తకం మీద వాలే వేళకు ఎవరో భుజం తట్టినట్టు అయ్యేదని అంటుంది. అది భయం వల్లనే కావచ్చు. ఆమె అన్నది రాస్తున్నాను, అంతే. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అచ్చంపేట వైపు ఒక బడిలో పాఠాలు చెబుతోంది.

నేను ఊరుకోలేదు. తెలిసిన డాక్టరును అడిగాను. నిద్రలో నడిచే జబ్బు గురించి చక్కగా చెప్పాడు. లోపలి గడియ గురించి అడిగితే, అది వడ్రంగిని అడగాలన్నాడు. వడ్రంగినీ అడిగాను. కర్రతో పొడిచి తీయొచ్చు గానీ, బయటి నుంచి ఆ గడియ వేసే దారి లేదన్నాడు.

పోయిన నెల మళ్లీ ఆ ఊరికి పోయాను. గదిలో ఇప్పుడు ఊరి పిల్లలు చదువుకుంటున్నారు. ముసలాయన మనవరాలు కూడా వస్తోంది. జొన్నరొట్టెలు తిని, వాళ్లను చూద్దామని పైకెక్కి ఒక కుర్చీలో కూర్చున్నాను. గాలి చల్లగా ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ మనవరాలు పక్కపిల్లను మోచేత్తో పొడిచి, "సారు కిందికి పోతుండు సూడు" అంది.

ఆ రోజు ఎలా దిగానో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు రాయలేను కూడా. ఈసారి మాత్రం గబగబా లేచి, మెట్లమీదుగా నా కాళ్లతో నేనే దిగాను.