డర్హంకు మూటగట్టిన బియ్యం

పోయినేడు మీ చిన్నమ్మ కాడికి ఇంగ్లాండు పోయినప్పటి ముచ్చట చెప్తున్న, రాయి. నేనన్నట్టే రాయి బిడ్డా, సక్కగ దిద్దకు.

ఆడ మీ చిన్నమ్మ దవఖానల నర్సు. ఒకనాడు పగలు, ఒకనాడు రాత్రి, దాని డ్యూటీకి ఒక పద్ధతి లేదు. నేను పోయి నెల దాటినా ఇల్లు, దుకాణం, గుడి తప్ప నన్ను యాడికీ తోలుకపోలే. గదే దాని మనసుల గుచ్చుకుంటున్నది గావచ్చు. ఒకనాడు పొద్దుగాల డ్యూటీ నుంచి వచ్చింది, చెప్పులు గూడ ఇడువలే, “అవ్వా, శనివారం ఆదివారం లీవు దొరికింది. డర్హం పోదాం” అన్నది.

“గదేందే?”

“పాత పట్నం. గుట్ట మీద కోట ఉంటది, కోట పక్కన వెయ్యేండ్ల కాడికి వచ్చిన పెద్ద చర్చి. చుట్టూ నది తిరిగి పోతది.”

మా అల్లుడు చాయ్ పోసుకుంట, “అత్తమ్మా, ఆ కోటల పండుకునెతందుకు అర్రలు గూడ ఇస్తరట. రాణి లెక్క ఉండొచ్చు” అన్నడు.

“గా రాణికి మోకాళ్ళు నొయ్యవా అయ్యా, గుట్ట మీద ఎట్లుంటుండె?” అన్న నేను. నవ్విండ్రు ఇద్దరు.

ఆఖరికి కోట వద్దనుకున్నరు. ఆ ఊర్ల ఒక పెద్దామె తన ఇంట్లనే అర్రలు కిరాయికిస్తదట, పొద్దుగాల నాష్టా గూడ ఆమెనే పెడ్తదట. ఆ ఇల్లు కిందికి ఉంది, ఎక్కుడు తక్కువ. గామెతోని ఫోన్ల మాట్లాడి అర్ర ఖాయం చేసుకున్నరు, రైలు టికెట్లు తీసిండ్రు. నాకు గూడ సంబురమే అయ్యింది, అబద్ధమెందుకు. నది మన గోదారంత ఉంటదా అని అడిగిన. “గంత ఉండదవ్వా, ఒడ్డుపొంటి చెట్లు మాత్రం మంచిగుంటయట” అన్నది. ఏ చీర కట్టాలె, స్వెటరు లోపలనా పైననా, గివే ముచ్చట్లు.

మంచిర్యాల నుంచి నేను కొంటవోయిన కాలెండరు వాళ్ళ వంటింట్ల గోడకు తలుగబెట్టి ఉంటుండె. బియ్యం కడుగుకుంట ఊకెనే అటు చూసిన. ఆదివారం నాడే పెత్రమాస.

నా చెయ్యి బియ్యంలనే ఆగిపోయింది.

పెత్రమాస నాడు పోయినోళ్ళ పేరు మీద జంగమాయనకో అయ్యగారికో బియ్యమిస్తం గదా. మీ తాత పోయినకాంచి ఏ ఏడు తప్పలే. కొడుకుల్లేరాయె, ఇద్దరు బిడ్డలే. మీ అవ్వ, అదే నా పెద్దబిడ్డ, వాళ్ళత్తగారింట్ల వాళ్ళ పెద్దలకు ఇస్తది, అండ్ల మీ తాతను ఎట్ల కలుపుతది? అందుకే నేనే ఇస్త. మొదటేడు నస్పూర్ల మా వాడకట్టోళ్ళు, ఆడమనిషి ఇచ్చుడేందని గుసగుస పెట్టిండ్రు. ఆయన బొగ్గుబాయిలకెల్లి వస్తే అన్నం పెట్టింది నేనే గద, ఇప్పుడు పెట్టెటోళ్ళు ఎవరు మరి అన్న.

బొగ్గుబాయిల పనిచేసెటోడు మీ తాత. నువ్వు చూసినప్పటికి నౌకరి దిగిపోయిండు, మంచంల కూసొని దమ్ము ఎగవోసుడే నీకు యాదుంటది. వయసుల ఉన్నప్పుడు డ్యూటీ దిగి వస్తే ఎంత తానం చేసినా కండ్లకు కాటిక పెట్టినట్టే ఉండేది. అట్లనే కూసొని అన్నం తినేది. ఉప్పు ఎక్కువైందనకపోతుండె, తక్కువైందనకపోతుండె. ఆయన పోయిననాడు మీ చిన్నమ్మ గా దేశంల డ్యూటీల ఉండె. రాను పాణం కొట్టుకున్నా రాలేకపోయింది. ఫోన్లనే చూసింది. ఆ ముచ్చట అది ఎన్నడు తియ్యలే, నేనూ తియ్యలే.

ఆ ఏడు వాళ్ళ ఊరి గుళ్ళె అయ్యగారికి ఇద్దామనుకున్న. డర్హం పోతే ఇంకెక్కడి గుడి, ఎక్కడి అయ్యగారు?

“మీరిద్దరు పోయి రండ్రి. నేను ఇంట్లనే ఉంట” అన్న.

దానికి కోపమొచ్చింది. “నీ కోసమే గదనే పెట్టుకున్నది! మల్ల లీవు దొరికేసరికి నువ్వు ఇమానం ఎక్కిపోతవ్.”

“పెత్రమాసనే బిడ్డా.”

“సోమారం వచ్చినంక ఇయ్యి.”

“ఆదివారం ఆకలైతే సోమారం పెడ్తరా?”

“ఒక్క ఏడు తప్పితె బాపు ఏమన్న అంటడా?”

“ఏమనడు. బతికున్ననాడు ఏమన్నడు గనుక? ఏమననోనికే యాదిజేసి పెట్టాలె” అన్న.

అది పొయ్యి కాడ గిన్నె ఊకె తుడిసింది, తుడిసిన గిన్నెనే మల్ల తుడిసింది. నాకు పరేషానైంది. పోనంటే బిడ్డ మనసు ఇరుగుతది, పోతే ఆయనకు బియ్యం తప్పుతది. జరసేపైనంక నేనే తగ్గిన. “వస్త తియ్యి. బియ్యం మూటగట్టుకొని వస్త. ఎవలన్న చెయ్యి పట్టెటోళ్ళు దొరికితె ఇస్త, దొరకకుంటె ఉపాసముంట. జర ఆ అర్రలిచ్చే ఇంటామెకు చెప్పు, పొద్దుగాల నాకు నాష్టా చెయ్యద్దని” అన్న.

మీ చిన్నమ్మ గా ఇంటామెకు ఫోన్ కొట్టింది. ఫోన్ల మాట నాకు వినబడెటట్టు పెట్టింది గని నాకేం సమజైతది? దాని మొకమే చూసుకుంట కూసున్న. మా అవ్వ ఆదివారం పొద్దుగాల తినదని చెప్పిందట. పాణం బాగలేదా అని అడిగిందట ఆమె. కాదు, మా బాపు పేరు మీద ఎవరికన్న బియ్యమిచ్చినంకనే తింటది, మా బాపు బొగ్గుబాయిల పనిచేసెటోడు అన్నదట ఇది.

 

గది ఇని ఆమె మెల్లగ మాట్లాడబట్టింది. మీ చిన్నమ్మ ఇనుకుంట ఇనుకుంట కుర్సీల కూలబడ్డది. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నాతోని అన్నది: “అవ్వా, ఆమె తండ్రి గూడ బాయోడేనట. ఆ ఊరి చుట్టూ ఒకప్పుడు బాయిలేనట, ఇప్పుడన్ని మూసేసిండ్రట. పెద్ద చర్చిల బాయోళ్ళ యాదికి ఒక జాగ ఉందట, ఆడ బాయి దీపం పెట్టిండ్రట. వాళ్ళ నాయిన గూడ దమ్ముతోనే పోయిండట.”

గంత దూరపు దేశంల గూడ ఒకామె కాటిక కండ్లోనికి అన్నం పెట్టి ఉంటది గద అనుకున్న.

“ఆ బియ్యం నేను తీసుకుంట, మీ అవ్వ ఒప్పుకుంటదా అని అడుగుతున్నది” అన్నది మీ చిన్నమ్మ.

జంగమాయన గాదు, అయ్యగారు గాదు. మన భాషనే రాదు. చేరుతదా చేరదా అని ఎవరినడుగుదు? మనసుల ఆయన్నే అడిగిన. ఎప్పటిలెక్కనే ఏమనలే.

“తీసుకొమ్మను. వాళ్ళ నాయిన పేరేందో అడుగు, ఇద్దరి పేర్ల మీద ఇస్త” అన్న.

బియ్యం, పప్పు, చింతపండు ఏరుపరుసుకున్న. అల్లుడు చిన్న గుమ్మడికాయ దేవులాడి తెచ్చిండు. విస్తరాకు దొరకలే, స్టీలు పళ్ళెం పెట్టుకున్న. అంత సదిరినంక మీ చిన్నమ్మ అడిగింది, “బాపు పేరు ఎవరు చెప్తరే?”

గది నాకు తట్టనే లేదు. బియ్యమిచ్చేటప్పుడు పేరు చెప్పాలె. ఈడైతే జంగమాయననే చెప్తడు. నేనెన్నడు ఆయన పేరు నోటితోని అనలే, ఆయనున్నప్పుడూ అనలే, పోయినంకా అనలే.

“నువ్వే చెప్పాలె” అన్న.

“నేనా?”

“ఇంకెవరు? నీ బాపే గద.”

అది గుమ్మడికాయ ఒళ్ళె పెట్టుకొని ఏడ్సింది బిడ్డా. ఆయన పోయిననాడు ఏడ్వాల్సిన ఏడుపు. నేను ఆపలే. అల్లుడు అవుతలి అర్రలకు పోయిండు.

శనివారం పొద్దుగాల బ్యాగులన్ని వాళ్ళకిచ్చి, బియ్యం మూట మాత్రం నా ఒళ్ళె పెట్టుకొని రైలెక్కిన. మీ చిన్నమ్మ కిటికిల్నుంచి చూసుకుంట పెదవులు కదుపుతున్నది, సప్పుడు లేకుంట. నాకు తెలుసు అది ఏం పేరు అంటున్నదో. నేను గూడ గా ఇంటామె తండ్రి పేరు అనుకుంటున్న. గా ఇంగ్లీషోని పేరు నా నాలికె మీద నిలువలే. తప్పు పలికితె ఆయనకు అందదేమోనని, డర్హం వచ్చిందాక గదే పేరు మల్ల మల్ల అనుకుంట పోయిన.