కుసుమపువ్వు ఎరుపు

మొన్న పాత పత్రికల కత్తిరింపుల కట్ట విప్పితే, ఒక జపాను మహిళా శాస్త్రవేత్త గురించి రాసిన కాగితం మడతలోంచి వేలెడంత నూలుగుడ్డ పీలిక జారిపడింది. ఆ కాగితాన్ని నంద్యాల నుంచి ఆళ్లగడ్డలోని మా ఇంటికి మోసుకెళ్లింది నేనే. పంతొమ్మిది వందల యాభైలలో ఒక దినపత్రికకు కొత్తగా వార్తలు రాస్తున్న రోజులవి. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, తన దేశంలో విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లకు అప్పుడప్పుడే తలుపు తీస్తున్న కాలంలో ఆ జపాను ఆమె పట్టుబట్టి రసాయనశాస్త్రం చదివిందట. పసుపుపచ్చని కుసుమపువ్వులో దాగిన ఎరుపు ఏమిటో తేల్చిందట. పశువులు దూరకుండా మా జొన్నచేల చుట్టూ వేసే ముళ్ల కుసుమ! గింజలు గానుగకు పోయేవి. పూల ముఖం చూసినవాళ్లు లేరు.

బడి చదువు ముగిస్తున్న మా చెల్లెలు ఆ కాగితాన్ని మడతలు చిరిగేదాకా చదివింది. కర్నూలు కాలేజీలో సైన్సు చదువుతానంది. దరఖాస్తు మీద మా నాయన సంతకం కావాలి. "ఆ ఎరుపేందో నాకు చూపియ్యి, చేస్తా" అన్నాడాయన. మాఘమాసమంతా వేళ్లకు ముళ్లు గుచ్చుకుంటున్నా రేకులు ఏరి ఎండబెట్టింది. ఎండాకాలంలో ఒక ఉదయం పెరట్లో వాటిని నానబెట్టి, పిండి, నీళ్లు పారబోస్తూ కూచుంది.

"ఏమ్మే, పొద్దున్నుంచి పచ్చనీళ్లే పారబోస్తాండావ్. ఎరుపు యాడ?"

"పసుపంతా పోవల్ల నాయనా. తాళు."

చివరికి రేకుల్ని బూడిదనీళ్లలో పిసికి, గుడ్డ ముంచి, నిమ్మకాయ పిండింది. గుడ్డ ఎర్రబారింది. నాయన దాన్ని ఎండకు పట్టి తిప్పి తిప్పి చూశాడు. నిజంగానే మురిసిపోయాడు.

"శెబాష్! ఇంత చేతనయినాంక ఇంగ కాలేజీ ఏంటికే?"

మంచి చమత్కారం అనిపించి నేనూ నవ్వాను. మాట తప్పని మనిషని ఊళ్లో ఆయనకు పేరు. గడువు దాటేదాకా దరఖాస్తు ఆయన జేబులోనే ఉంది. మున్సిపాలిటీ కొళాయిల మీద, వేళకు రాని బస్సుల మీద అంతంత రాసే నాకు సొంత ఇంట్లో నోరు పెగల్లేదు. "నీ పేపర్లల్ల పెట్టుకోన్నా. పనికిరానివన్నీ దాస్తావు గదా" అని చెల్లెలు ఆ ఎర్రగుడ్డ పీలికను నా చేతిలో పెట్టింది. ఆ జపాను ఆమె ముసలితనంలోనూ ఉల్లిపొట్టు మీద పరిశోధన చేసిందని తర్వాతెప్పుడో చదివాను. చెల్లెలికి చెప్పలేదు.

మొన్న పీలిక దొరికిందని మాత్రం ఫోనులో చెప్పాను.

"ఇంకా ఎర్రగనే ఉండాదా?"

"ఉండాది."

"ఎండకు పెట్టొద్దన్నా, వెలిసిపోతాది."

చూపించడానికని తీసిన రంగు అది. ఇన్నేళ్లూ చీకట్లో పడి ఉండబట్టే నిలిచింది.