స్టీమరు కాలింది, నా కుడిచెయ్యి మిగిలింది

కొత్తగా వేసిన వార్నిష్ ఇంకా చేతికి అంటుకుంటున్న చెక్క మీద నిలబడి కర్పూరం వెలిగిస్తుంటే నా మనసు కీడు శంకించింది. అయినా నోరు తెరవలేదు. ఆ తప్పు నాదే.

నేను బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్‌ని. చాలా ఏళ్లకు మా చెరువు నిండింది. ఊరి పెద్దలకు వెంటనే షోకు పుట్టింది. గోదావరి ఒడ్డున మూలపడిన ఒక చెక్క స్టీమరును లారీ మీద తెప్పించి, రంగులేసి, నన్ను డ్రైవరుగా పెట్టారు. మంటలార్పే సిలిండర్ తెమ్మంటే ఎవరికీ తీరిక లేదు. దిష్టి గుమ్మడికాయ మాత్రం పొద్దున్నే వచ్చింది.

కమిటీ పెద్ద ఓబుళప్ప గుమ్మడికాయ మీద కర్పూరం కుప్పపోసి వెలిగించి, తిప్పి, డెక్కు మీదే పగలగొట్టాడు. నిప్పులు చెదిరి వార్నిష్ అంటుకుంది. జనం గట్టు మీదికి దూకారు. ఇంజిన్ పక్కనున్న డీజిల్ క్యాన్ లాగబోయి నేను చెయ్యి కాల్చుకున్నాను. గోదావరిలో అన్నేళ్లు తిరిగిన స్టీమరు మా ఊళ్లో ఒక్క పూట కూడా నిలవలేదు.

గట్టెక్కి చెయ్యి చెరువులో ముంచబోతే ఓబుళప్ప రెక్క పట్టుకున్నాడు.

"నీళ్లు తగలనీయొద్దప్పా, బొబ్బలు లేస్తాయి! యాడన్నా పళ్ల పేస్టు ఉంటే తెండిరా!"

పేస్టు పూశారు. దాని మీద ఎవరో మహానుభావుడు ఇంకు పోశాడు. ఎదురుగా చెరువు నిండా నీళ్లు.

అనంతపురం ఆసుపత్రిలో ఆ పేస్టు గీకి తీస్తుంటే ప్రాణం పోయినట్టైంది. డాక్టరమ్మ మండిపడింది. "పళ్లకు పూసేది చేతికి పూస్తారా? వెంటనే ఇరవై నిమిషాలు కొళాయి కింద పెట్టింటే ఇంత డీప్‌గా పోయేది కాదు." సెకండ్ డిగ్రీ బర్న్ అన్నారు. తర్వాత ఇన్‌ఫెక్షన్. తొడ నుంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్టింగ్ చేశారు.

డిశ్చార్జి రోజు ఆమె ఒకటే చెప్పింది. "చేతికి కట్టిన ఈ పలక, ఈ స్ప్లింట్ తీయొద్దు. నొప్పైనా వేళ్లు కదిలించాల. లేకుంటే ముడుచుకుపోతాయి, ఇంక స్పానర్ పట్టలేవు."

స్పానర్ లేకపోతే నాకు బతుకే లేదు. అది తెలిసీ చెడగొట్టుకున్నాను. ఓబుళప్ప సంచెడు చీనీకాయలతో పరామర్శకు వచ్చి, "కదిలిస్తే కుట్లు ఊడతాయి రామాంజీ, ఆ పలక తీసేసి రెస్టు తీసుకో" అన్నాడు. నొప్పి పడలేక ఉన్న నాకు ఆ మాట తీపిగా వినిపించింది. తీసేశాను. నెల తిరిగేసరికి పిడికిలి బిగుసుకుపోయింది.

"కాంట్రాక్చర్. మళ్లీ ఆపరేషన్" అంది డాక్టరమ్మ. "ఊర్లో అంత పెద్ద డాక్టరుంటే నా దగ్గరికెందుకొచ్చినావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి ఆపరేషన్ అయ్యాక నా భార్య సుజాత పట్టు పట్టింది. రోజుకు నాలుగుసార్లు వేళ్లు ఒక్కొక్కటే చాపించేది. "ఏడిస్తే ఏడువు, ఆపితే ఊరుకోను" అనేది. ఏడ్చాను కూడా.

ఇప్పుడు స్పానర్ పడుతున్నాను. చిటికెన వేలు పూర్తిగా సాగదు, పైపులు ఎత్తడానికి మనిషి తోడు కావాలి. మీకు చెప్పేదొకటే. డిశ్చార్జి రోజు డాక్టరు చెప్పింది పెద్ద అక్షరాలతో రాయించి మంచం పక్కన గోడకు అంటించండి. వచ్చినవాళ్లు సలహా మొదలుపెడితే ఆ కాగితం చూపించండి.

నా చూపుడువేలు ఇప్పుడు తిన్నగా సాగుతుంది. మొన్న ఓబుళప్ప ఏదో నాటు తైలం పట్టుకుని వస్తే, ఆ వేలితోనే తలుపు చూపించాను.