సౌండు తగ్గని ఇల్లు

"తలుపుకి దానంతటదే తాళం పడిపోయి, పాప లోపల ఒక్కతే ఉండిపోతే?"

స్టూలెక్కి టీవీ వెనక వైర్లు సర్దుతున్న మనిషిని నేను అడిగిన మొదటి మాట అదే. మా పాపకి అప్పుడే నడక వచ్చింది. నేను చదివింది భౌతికశాస్త్రం. ఏ వస్తువు ఎన్ని రకాలుగా పాడవుతుందో ఊహించుకుని బెంగపడటానికి తప్ప ఆ చదువు ఇంట్లో నాకు పనికొచ్చింది లేదు. కొత్త సెట్‌టాప్ బాక్సు ఛానెళ్లు చూపించి ఊరుకోదట. లైట్లు, కెమెరా, వీధి తలుపు తాళం అన్నీ దాని మాటే వింటాయట.

ఆవిడ కిందకి చూసి నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు. పేటలో అందరూ ఆమెను డబ్బా అక్క అంటారు. కేబుల్ లాగుతూ మేడ మీంచి పడి భర్త చనిపోయాక, అతని నిచ్చెనా డ్రిల్లూ తీసుకుని తనే పనిలోకి దిగింది. మీ ఆయన రాలేదేం అని ఎవరైనా అడిగితే, గోడ మీద ఫొటోలో ఉన్నాడు, దింపి తీసుకురమ్మంటారా అనేదట.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. డబ్బా, అంటే ఆ బాక్సు, బిగించాక మొదట ఎవరి ఫోను కలిపితే ఇంటి పెత్తనం వాళ్లదే. ఎదురుగా ఎవరు ఫోను చాపితే వాళ్లది కలిపేసి పోతుంటారు. అక్క చెప్పిన ఒక ఇంట్లో మొగుడు చాపాడు. పెళ్లాం వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ చూసింది.

కొన్నాళ్లకు ఆ ఇంటి పక్కవాళ్లు ఫిర్యాదు చేశారు. మధ్యాహ్నం పూట టీవీ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, కొడితే తలుపు తీయరు అని. డబ్బా చెడిపోయిందనుకుని ఆఫీసువాళ్లు అక్కని పంపారు. ఆమె తలుపుకి చెవి ఆనించింది. పాటల అడుగున, గోడకేసి ఏదో బరువైనది బాదుతున్న చప్పుడు. మెట్ల దగ్గరున్న మెయిన్ స్విచ్చి ఆపేసింది. టీవీ నోరు మూతపడగానే ఆడమనిషి అరుపు మేడంతా వినిపించింది.

తాళం బ్యాటరీది, కరెంటు పోయినా ఊడలేదు. అక్క డ్రిల్లుతో దాని చుట్టూ చెక్కకి తూట్లు పొడిచి భుజంతో గుద్దింది. గోడ నుంచి పీకిన డబ్బాతో ఆ మొగుడు ఎదురొచ్చి అక్క మూతి పగలగొట్టాడు.

"కేబుల్ దానివి, కేబుల్ చూసుకో," అంటూ మళ్లీ ఎత్తాడు.

అక్క డ్రిల్లు ఆపలేదు. బిట్టు అతని అరచేతిలోంచి దిగి డబ్బాకి తగిలి ఆగింది. అతని వెనక నేల మీద పడి ఉన్న పెళ్లాం ముఖం ఎవరిదో గుర్తుపట్టేలా లేదట. ఒక చెయ్యి విరిగి వేలాడుతోంది. బతికింది. ఆసుపత్రిలో అక్కతో అన్న మొదటి మాట, లోపలి గడియ ఉండుంటే నేనే బయటపడేదాన్ని అని. అందంగా లేదని మొగుడు దాన్ని తీయించేశాడట.

"డబ్బా చెడితే నేనొచ్చి బాగుచేస్తా చెల్లీ. ఆ రోజు అది బాగానే పనిచేసింది," అంది అక్క. "దాని చేతికి లైట్లిచ్చుకో, ఫ్యాన్లిచ్చుకో. తలుపుకి మాత్రం లోపల చేత్తో తీసే గడియ పెట్టు. పాపకి అందేటట్టు కిందకి పెట్టు."

పాప తలుపు తీసుకుని రోడ్డు మీదకి పోతుందేమో అన్నాను.

"పోతే వెతుక్కుంటావు," అంది స్టూలు దిగుతూ.

గడియ ఇప్పుడు నా మోకాలి ఎత్తున ఉంది. రోజూ పాప చెయ్యి పట్టుకుని తీయిస్తున్నాను.