భయం తెలియని జంతువులు

ఓనర్ ఆంటీ పోయారన్న కబురు పాత రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. స్టూడెంట్లు కుప్పలుగా దిగుతున్న ఆ రోజుల్లో కెనడాలోని కిచెనర్ ఊళ్లో ఆవిడ బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లం మేము. పొద్దున లేస్తే ఆవిడను తిట్టుకున్న గ్రూపు అది. ఇప్పుడు అందరూ దణ్ణాలు పెడుతున్నారు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గానీ నా కోపం ఇంకా చల్లారలేదు. అబద్ధం రాస్తే ఆవిడే ఊరుకోరు.

హైదరాబాద్‌లో ఆవిడ జువాలజీ లెక్చరర్. ఇక్కడ పాఠం చెప్పే ఉద్యోగం దొరకలేదు, ఆ పాఠాలన్నీ మా నెత్తిన రుద్దారు. వాషింగ్ మెషీన్ పై అంతస్తులో, ఆవిడ వంటింటి పక్కనే ఉండేది. బట్టలు తిరిగినంతసేపూ మంచుయుగం నాటి మామత్ ఏనుగులు, ఎలుగుబంటంత బీవర్లు, ఈ ఖండానికి మనిషి వచ్చాక అవి ఎలా పోయాయన్న కథ.

"మంచు కరిగి పోయాయి ఆంటీ, నెట్‌లో ఉంది," అనేవాణ్ని.

"అంతకుముందు కరగలేదా? అప్పుడు బతికి బట్టకట్టినవి ఈసారే ఎందుకు పోయాయిరా? ఏళ్లకోసారి ఒక్క పిల్లను కనే జాతి. అప్పుడొకటి ఇప్పుడొకటి చంపినా చాలు, ఇక తేరుకోదు."

అద్దెలు పెరిగినా, పార్ట్‌టైమ్‌లు దొరక్కపోయినా మాలాంటి స్టూడెంట్ల వల్లేనని అప్పట్లో ముందే స్థిరపడ్డ మనవాళ్లే పార్టీల్లో అనేవారు. అందుకే ఆ కథ నాకు గుచ్చుకునేది. "అంటే మేమొచ్చి ఊడ్చేశామంటారా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను. చపాతీ తిప్పుతూ నవ్వారు. ఒళ్లు మండింది.

ఆ చలికాలం నా రూమ్మేట్ సంపత్‌కు ఎక్కడా పని దొరకలేదు. ఫీజు కట్టకపోతే చదువు ఆగిపోతుంది. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒకాయన, దూరంగా వేర్‌హౌస్‌లో పని, ఉండటానికి చోటు అని కారేసుకుని వచ్చాడు. నవ్వుతూ తెలుగులోనే మాట్లాడాడు. సంపత్ సూట్‌కేసు ఎక్కించేశాడు. ఆంటీ ఇంట్లో చెప్పులతోనే మంచులోకి వచ్చి కారు వెనక నిలబడ్డారు.

"ఏ ఊరు? ఏ కంపెనీ?"

"దగ్గరే ఆంటీ, అంతా మనవాళ్లే. టెన్షన్ పడకండి."

"ఆ కంపెనీ పేరు చెప్పు, తప్పుకుంటా."

ఆయన కారెక్కి హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు. చివరికి సంపతే సూట్‌కేసు దించుకున్నాడు.

"వాడి పొట్ట కొట్టారు. ఆయన మోసగాడని మీకెలా తెలుసు?" అని అరిచాను.

"తెలియదు," అన్నారు. "మిమ్మల్ని వేటగాళ్లంటున్నాననుకున్నావా? మీరు ఆ జంతువులురా. వాటికి మనిషి కొత్త. పారిపోవాలని తెలియక దగ్గరికి రానిచ్చాయి. మీకూ అంతే, ఎవడైనా తెలుగులో తమ్ముడూ అంటే చాలు."

ఆ మనిషి ఎవరో నేటికీ తెలియదు. సంపత్ మాత్రం ఫీజు కట్టలేక ఆ సెమిస్టర్ పోగొట్టుకున్నాడు, ఆవిడతో మళ్లీ మాట్లాడలేదు. నా కోపం అందుకే. అయినా ఈ దేశంలో మా కోసం ఒక కారుకు అడ్డం నిలబడ్డ మనిషి ఆవిడొక్కరే. తిట్టుకుంటూనే ఆవిడకు దణ్ణం పెడుతున్నాను.

అంత్యక్రియలకు వెళ్లి, తిరుగు బస్సు కోసం బస్‌స్టేషన్‌లో నిలబడ్డాను. ఈ దేశంలో అప్పుడే దిగినట్టున్న కుర్రాడొకడు రెండు పెద్ద సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"అన్నా, తెలుగా?"

తలూపాను. వాడి ముఖం వెలిగిపోయింది. "ఒక్క నిమిషం పట్టుకోండన్నా, వాష్‌రూమ్‌కి పోయొస్తా," అంటూ పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, సూట్‌కేసులు నా కాళ్ల దగ్గర వదిలి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నా పేరు కూడా అడగలేదు.